ఐసుకి పెట్టిన కళ్ళు

పోయిన నెల దుర్గిలో మా పాత రాతిపని పాక పీకించాం. నాయన పోయి ఏడాది దాటింది. ఆయన బతికున్నన్నాళ్ళూ ఆ పాక మీద చెయ్యి వెయ్యనీయలా. కొలిమి పక్కన గోడలో ఒక గూడు ఉండేది, అరిగిపోయిన ఉలులు అందులో పడేసేవాళ్ళం. ఆ ఉలులన్నీ తీశాక వెనకమాల ఒక ఇటుక కదిలింది. ఇటుక వెనక, నాయన పాత పంచె గుడ్డలో చుట్టి, టెంకాయంత రాయి. మా అమ్మాయి రమ గుడ్డ విప్పింది. పసిబిడ్డ మొహం. "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో! ఎవరు నాన్నా ఇది?" అంది. నేను దాన్ని రమ చేతుల్లోంచి తీసుకున్నా. మా నాయన జన్మలో మనిషి మొహం చెక్కినవాడు కాదు. నందులు, నాగపడగలు, ఆంజనేయస్వాములు, అంతే. పైగా ఆ బిడ్డ కళ్ళు తెరిచి ఉంది.

రమ నరసరావుపేటలో కాలేజీలో పాఠాలు చెప్పుద్ది. మూడు నెలల్నించి నా ప్రాణం తోడేస్తంది. మద్రాసు నుంచి ఏదో ఓడ పోతందంట, నాలుగు రోజులు సముద్రం మీద తిప్పి మళ్ళీ మద్రాసులోనే దించుద్దంట, అందరం పోదాం అని. ఫోనులో వీడియోలు పెట్టి చూపిస్తది. ఓడ నడినెత్తిన ఈతకొలను, పిల్లలు జారే జారుడుబండలు, రంగురంగుల లైట్లు. "నువ్వు ఇట్టాంటి ఓడలోనే పనిచేశావంట గదా, మాకు చూపించవా?" అంటది. నాకు ఓడ పడదు, కడుపులో తిప్పుద్ది అని ముప్ఫై నాలుగేళ్ళుగా ఊరందరికీ చెప్పే అబద్ధమే దానికీ చెప్పా. ఆ రాయి బయటపడ్డాక ఆ అబద్ధం ఇంక నా నోటికి రాలా. అందుకే ఇది రాస్తన్నా. నా కడుపు ఒక్కనాడు కూడా తిప్పలేదు. నాకు భయం. సముద్రంలో నేను వదిలినదాన్ని తలుచుకుంటే ఇప్పటికీ అరచేతులు చెమట్లు పడతాయి.

మా ఇంట్లో తెల్లారక ముందే కొలిమి రాజుకునేది. ముందురోజు మొద్దుబారిన ఉలులు కాల్చి సాగదీస్తే గానీ నాయన మొహం కడిగేవాడు కాదు. బొగ్గు వాసన, ఎర్రగా కాలిన ఇనుము నీళ్ళల్లో ముంచినప్పుడు లేచే వాసన, తడి రాతి పొడి వాసన, ఈ మూడూ కలిస్తే మా ఇల్లు. అమ్మ ఎంత జాగ్రత్తగా మూతలు పెట్టినా అన్నంలో రాతి పొడి పంటికింద తగిలేది. గోంగూర పచ్చట్లో కూడా కరకరే. "రాయి తిని బతికే కొంపరా ఇది" అని అమ్మ విసుక్కునేది, విసుక్కుంటానే ఇంకో ముద్ద వేసేది. నాయన మాట్లాడేవాడు కాదు. ఆయన నోట్లోంచి చుట్ట తీశాడంటే ఏదో చెప్పబోతున్నాడని అర్థం. అది చానావరకు తిట్టే అయ్యుండేది.

ఆయన నాకు నేర్పిన మొదటి సంగతి, కళ్ళు. ఏ బొమ్మకైనా కళ్ళు ఆఖరున. బొమ్మ అంతా అయిపోయి, అది ఎక్కడ నిలబడబోతుందో తేలిపోయాక, ఆ రోజు పొద్దున తలస్నానం చేసి, అందర్నీ పాకలోంచి బయటికి తరిమి, తలుపు దగ్గరికి వేసుకుని ఉలితో బొమ్మ కళ్ళు తెరిచేవాడు. అంతకుముందు అమ్మ చేతి అద్దం తెచ్చి బొమ్మకి ఎదురుగా పెట్టాల. తెరిచిన కళ్ళు ముందు అద్దాన్ని చూడాల గానీ మనిషిని చూడకూడదు. తెరిచిన నాటి తిథి, నెల బొమ్మ వెనకాల చిన్న ఉలితో గీసేవాడు. "ఒకసారి కళ్ళు తెరిచాక దానికి ప్రాణం వచ్చినట్టేరా. ఆ తరవాత అది నీ చేతుల్లో పాడైందా, నీ ఇంట్లో ఎవరో ఒకరికి తగులుద్ది" అనేవాడు. ఎప్పుడన్నా కళ్ళు తెరిచిన బొమ్మకి బీట పడితే, దాన్ని తెల్లగుడ్డలో చుట్టి, బండి కట్టించుకుని కృష్ణకి పోయి నీళ్ళల్లో వదిలేవాళ్ళం. గుబుక్కున మునిగిపోయేది. వెనక్కి తిరిగి చూడకుండా వచ్చెయ్యాల. చిన్నప్పుడు ఒకసారి నేను మెడ తిప్పబోతే నాయన నా చెవి పట్టుకుని బండి దాకా లాక్కొచ్చాడు.

నాకు ఇరవై ఆరేళ్ళప్పుడు హైదరాబాదులో ఒక ఎగ్జిబిషన్లో కూర్చుని చెక్కుతుంటే ఒక పెద్ద హోటలు వంటాయన చూశాడు. పెళ్ళి విందుల్లో ఐసు దిమ్మలతో హంసలు చెక్కి పెడతారంట, వస్తావా అన్నాడు. రాయి కంటే ఐసు సుఖం, ఉలి వెన్నలో దిగినట్టు దిగుద్ది. ఏడాది తిరక్కుండానే ఆయనే బొంబాయిలో ఏజెంటు దగ్గరికి పంపించాడు. విహార ఓడలో ఐసు చెక్కే పని. అప్పటికి నాకు పెళ్ళై కొన్ని నెలలే. మా ఆవిడ లక్ష్మి తల్లి లేని పిల్ల, పురుడైనా పుణ్యమైనా మా ఇంట్లోనే. నీళ్ళోసుకుందని తెలిసిన వారానికే నాకు ఓడ టికెట్టు వచ్చింది. నాయన చుట్ట తీసి, "ఎందాక పోద్ది ఆ ఓడ?" అన్నాడు. "ఎక్కడికీ పోదు, జనాన్ని ఎక్కించుకుని తిప్పి, ఎక్కినకాడే దించుద్ది" అన్నా. "ఎక్కినకాడే దిగేదానికి ఎక్కటమెందుకురా? రాయి చెక్కే వంశంలో పుట్టి నీళ్ళు చెక్కటానికి పోతావా?" అని మళ్ళీ చుట్ట పెట్టుకున్నాడు. నేను బస్సెక్కేదాకా ఇంకో మాట లేదు.

మొదటిసారి ఓడని చూశా. మా మాచర్ల బజారంతా లేపి నీళ్ళ మీద నిలబెట్టినట్టుంది. పైనేమో షాండిలియర్లు, మెత్తటి తివాచీలు, సూట్లేసుకున్న ముసలి దొరలు, మెడల్లో ముత్యాలేసుకున్న దొరసానులు. కింద మేము. నీటిమట్టానికి కింద, కిటికీ లేని గది, ఇద్దరికి ఒకటి. పడుకుంటే తలగడ పక్కన ఇనుప గోడ, గోడవతల సముద్రం. చెవి ఆనిస్తే ఏదో గీరుతున్నట్టు చప్పుడు. నాకు ఈత రాదు. మా దుర్గిలో మోకాళ్ళు దాటి నీళ్ళెక్కడున్నాయి గనక ఈత వచ్చేదానికి! మొదటి రోజే గంట కొట్టి, నారింజ రంగు తేలుడు చొక్కాలు తొడిగించి, ఓడ మునిగితే ఎటు పరిగెత్తాలో నేర్పించారు. పైనున్న దొరలు ఆ చొక్కాలేసుకుని ఒకళ్ళనొకళ్ళు ఫోటోలు తీసుకుంటా నవ్వుతున్నారు. నేను మాత్రం చొక్కాకి కట్టిన ఈలని ఊదిచూసి, ఇది ఈ సముద్రంలో ఎవడికి వినపడుద్దిరా నాయనా అనుకున్నా. నెల రోజులు ఆ చొక్కా మీద తల పెట్టుకునే పడుకున్నా.

కాస్త ధైర్యం చెప్పింది ఆంథోనీ. గోవా మనిషి, కోల్డు స్టోరు తాళాలు ఆయన దగ్గర. మా ఐసు దిమ్మలు కూడా అక్కడే ఉండేవి. నలభై ఏళ్ళుగా ఓడల్లోనే బతికాడు. ఆయన కుర్రతనంలో ఓడలంటే ఊరు దాటించేవంట. హజ్‌కి పోయేవాళ్ళు, పొట్ట చేతబట్టుకుని దేశాలు పోయేవాళ్ళు, ఉత్తరాల సంచులు. "తరవాత విమానాలొచ్చినయ్. ఓడలకి మోసేదానికి మనుషులు లేరు. ఇనుము కింద అమ్ముకోలేక, ఇట్టా తిప్పటం మొదలుపెట్టారు. ఇప్పుడు చేరటానికి ఎవడూ ఎక్కడు, తినటానికి ఎక్కుతారు" అని నవ్వేవాడు. ఆ మాట నిజమే. రోజుకి ఆరుపూటలు తిండి. వారానికోసారి కెప్టెన్ విందు. ఆ రోజు బల్ల మధ్యన నా ఐసు బొమ్మ, దాని కింద నీలం బల్బు. హంసలు, చేపలు, గుర్రాలు. జనం చప్పట్లు కొట్టి, ఫోటోలు తీసుకుని, తిని లేచేసరికి హంస మెడ వాలిపోయేది. సర్వర్లు ఆ నీళ్ళని బకెట్లల్లో పోసుకునిపోయి సింకులో కుమ్మరించేవాళ్ళు. నాకు బాధుండేది కాదు. ఎందుకంటే నేను దేనికీ కళ్ళు పెట్టలా. ఏడు నెలల్లో నేను చెక్కిన హంసలన్నీ గుడ్డివే. నీలం బల్బు వెలుతుర్లో ఒక్కడంటే ఒక్కడు కనిపెట్టలా.

ఎనిమిదో నెలలో ఒక ముసలి జంట పెళ్ళై యాభై ఏళ్ళయిన పండగ చేసుకున్నారు. రెక్కలున్న పసిబిడ్డని చెక్కమని ఓడలో పెద్ద వంటాయన బొమ్మ గీసిచ్చాడు. లక్ష్మికి నెలలు నిండినయ్. ఉత్తరం ఇరవై రోజులకి అందేది, ఇంట్లో ఏం జరుగుతుందో తెలవదు. చలిగదిలో ఒక్కణ్ణే నిలబడి, బిడ్డ బుగ్గలు చెక్కుతుంటే మా ఇంట్లో పుట్టబోయే బిడ్డకి బుగ్గలు ఇట్టా ఉంటాయా అనుకున్నా. ముక్కు చెక్కా. పెదాలు చెక్కా. అసలు నేనెక్కడున్నానో మర్చిపోయా. నా చెయ్యి ఆగలా. రెప్పలు తీసి, కనుపాప పెట్టి, చిన్న ఉలితో మెరుపు కూడా కొట్టేశా. ఉలి తీసేసరికి ఆ బిడ్డ నావంకే చూస్తంది.

అద్దం లేదు. స్నానం లేదు. తొలిచూపు నా మీదే పడింది. ఇంకో మూడు గంటల్లో దీన్ని పైకి తీసుకుపోతారు. బల్బు మీద పెడతారు. జనం తింటా ఉంటే ఈ బిడ్డ మొహం కారిపోద్ది, బకెట్లో పోస్తారు. ఎవరికి తగులుద్ది? ఇంకెవరికి! నేను ఎవరిని తలుచుకుని చెక్కానో వాళ్ళకే. గబగబా రెక్కలూ ఒళ్ళూ కోసేసి, తలని తెల్ల నేప్‌కిన్‌లో చుట్టి చేపల ఫ్రీజరులో పెట్టెల వెనక దాచా. వంటాయనకి బిడ్డ పగిలిందని చెప్పి, ఇంకో దిమ్మ దింపి, హడావిడిగా ఒక హంసని నిలబెట్టా. ఆ రోజు హంసని చూసి బాతు అనుకున్నారంట.

మూడో రోజు ఫ్రీజరులోంచి ఆంథోనీ కేక వినపడింది. పరిగెత్తి పోయా. ఆయన పెట్టెల మధ్య కూలబడి శిలువ గుర్తు వేసుకుంటున్నాడు. ఓడల్లో ముసలివాళ్ళు పోతుంటారు, వాళ్ళని ఉంచటానికి వేరే చలిగది ఉంటది. ఇక్కడ పసిబిడ్డ శవాన్ని ఎవరు దాచారా అనుకున్నాడు పాపం. నేను కాళ్ళు పట్టుకున్నంత పనిచేసి అంతా చెప్పా. నవ్వుతాడనుకున్నా. నవ్వలా. "నీ భార్యకి ఎప్పుడు?" అన్నాడు. "ఈ నెలాఖరు." "సరే, అప్పటిదాకా నేను తాళం వేసుకుంటా" అన్నాడు. రోజూ పోయి గుడ్డ విప్పి చూసుకునేవాణ్ణి. కానీ ఫ్రీజరులో ఫ్యాను గాలికి ఐసు కరక్కుండానే తరుగుద్దని నాకు తెలవదు. మొదట ముక్కు కొస మొద్దుబారింది. తరవాత పెదాలు. ఉలి పెట్టి సరిచేద్దామంటే కళ్ళు తెరిచిన మొహం మీద మళ్ళీ ఉలి పెట్టకూడదు. కళ్ళు మాత్రం అట్టాగే ఉన్నాయి. ఇంతలో ఫ్రీజర్లన్నీ ఖాళీ చేసి కడగాలని నోటీసొచ్చింది, వచ్చే రేవులో తనిఖీ అంట. ఆంథోనీ నా భుజం మీద చెయ్యేసి, "ఇంక నా చేతుల్లో లేదు" అన్నాడు.

అప్పుడు నాకు కృష్ణ గుర్తొచ్చింది. కరగబెట్టి చంపేదానికంటే, బీట పడ్డ బొమ్మలకి చేసినట్టు చేసి నీళ్ళల్లో వదిలితే దోషం పోద్ది గదా. ఓడలోంచి చిన్న కాగితం పారేసినా ఉద్యోగం ఊడుద్ది. అయినా తెల్లారుతుండగా ఆంథోనీ కిందిఅంతస్తులో పక్క తలుపు తెరిచాడు. వంటింట్లోంచి గుప్పెడు బియ్యం తెచ్చుకున్నా. ఓడ గుడ్డ ఎవరికన్నా దొరికితే పట్టుబడతామని విప్పేసి, బియ్యం చల్లి, దణ్ణం పెట్టుకుని వదిలేశా. వెనక్కి తిరిగా. గుబుక్కుమని వినపడాల. వినపడలా. ఆంథోనీ మెల్లగా, "తేలింది" అన్నాడు.

రాయి మునుగుద్ది. మా వంశంలో మేం నీళ్ళల్లో వదిలిందేదైనా మునిగింది. ఐసు తేలుద్దని, గ్లాసులో ఐసు రోజూ చూస్తా కూడా, నా మట్టిబుర్రకి తట్టలా. చూడకూడదని తెలిసీ తిరిగి చూశా. మొహం పైకి పెట్టుకుని తేలుతంది. అల వచ్చినప్పుడల్లా లేస్తంది, దిగుతంది. కళ్ళు ఆకాశం వంక, అల వాలినప్పుడు నా వంక. తెల్లటి నురగలో అంతకంతకీ చిన్నదై కనపడకుండా పోయేదాకా అది చూస్తానే ఉంది. ఆంథోనీ తలుపు మూసి నన్ను లోపలికి లాగాడు. నా బిడ్డని నడిసముద్రంలో వదిలేసి వచ్చానన్న మాట ఒక్కటే నా బుర్రలో తిరుగుతా ఉంది. రెండు రోజులు అన్నం ముద్ద మింగుడుపడలా.

రేవు రాగానే ఫోను దగ్గరికి పరిగెత్తా. మా ఊళ్ళో కరీముల్లా చాచా ఎస్టీడీ బూత్ పెట్టుకున్నాడు. అరగంటాగి చెయ్యమన్నాడు, మీ వాళ్ళని పిలిపిస్తా అని. అరగంట నేను ఆ ఫోను పక్కనే నిలబడ్డా. మళ్ళీ చేస్తే ఎత్తింది నాయన. ఎనిమిది నెలల తరవాత ఆ గొంతు. "ఆడపిల్ల. మొన్న తెల్లారి పుట్టింది" అన్నాడు. మొన్న! ఓడలో తెల్లారితే దుర్గిలో ఏ వేళో లెక్క వేసే స్థితిలో లేను నేను. "బాగుందా? ఎట్టా ఉంది?" అంటే, "తల్లి బాగానే ఉంది. పిల్లే ఇంకా కళ్ళు తెరవలా" అన్నాడు.

నేను ఏడ్చేశా. ఆ ఫోనులోనే, పక్కన జనం చూస్తుండగా, కళ్ళు పెట్టిన దగ్గర్నించి తేలిన దాకా మొత్తం చెప్పేశా. అవతల చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నా. అప్పుడు నాయన నవ్వాడు. ఆయన నవ్వటం నేను ఎన్నిసార్లు విన్నానో వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. "ఒరేయ్ పిచ్చోడా! ఆ రూలు పని కోసం పెట్టిందిరా. కుర్రనాయాళ్ళు ఆత్రం కొద్దీ ముందు కళ్ళు చెక్కి మొహమంతా చెడగొడతారని, మా నాయన నన్ను అట్టా బెదిరించాడు. నేను నిన్ను బెదిరించా. నీళ్ళల్లో నీళ్ళు కలిసినయ్, అంతేగా? పురిటిపిల్లలు రెండు మూడు రోజులు కళ్ళు తెరవరు, రెప్పలు వాచి ఉంటాయి. ఏడవమాక. పెట్టెయ్ ఫోను" అన్నాడు. అంతే, నా ఛాతీ మీదనించి దిమ్మ దించినట్టైంది. ఆ రోజు రెండు ప్లేట్లు అన్నం తిన్నా. తరవాత ఉత్తరం వచ్చింది, నాలుగో నాడు పిల్ల కళ్ళు తెరిచిందని.

కాంట్రాక్టు అయిపోయి ఇంటికొచ్చి చూస్తే, రమ నేను చెక్కినదానిలాగా ఇసుమంతైనా లేదు. చప్పిడి ముక్కు, మా అమ్మ కళ్ళు. ఆ కళ్ళు చూసి ఎత్తుకుని ఒకటే ఏడుపు. మళ్ళీ ఓడెక్కలా. నాయన మాటతో నా భయం సగం పోయింది. మిగిలిన సగం, దానికి జరం వచ్చినప్పుడల్లా, అది కాలవ గట్టు మీద నడిచినప్పుడల్లా, నన్ను పట్టుకునే ఉంది. లక్ష్మికి కూడా చెప్పలా. నాయనా నేనూ మళ్ళీ ఆ ఊసే ఎత్తుకోలా.

ఇప్పుడు మా వీధిలో ఉలి మోత సన్నగిల్లింది. మిషన్లు గీ అని అరుస్తా రోజుకో నందిని కోసి పడేస్తన్నాయి. కళ్ళు కూడా మిషనే తెరుస్తది, అద్దం ఎవరు పెడతారు! బిడ్డ పుడితే బొడ్డు కొయ్యకముందే ఫోనులో ఫోటో వస్తంది. ఆ రోజు నాకు ఒక్క ఫోటో వచ్చుంటే ఇంత కథ లేదు. అయితే నా చేతిలో ఉన్న ఈ రాయి కూడా ఉండేది కాదు.

రాయి దొరికిన రోజు పాకలోనే దాన్ని వెనక్కి తిప్పి చూశా. అలవాటు చొప్పున నాయన తిథి, నెల గీసిపెట్టాడు. రమ పుట్టిన నెలే. రమ పుట్టింది ఏకాదశి. నేను ఫోను చేసింది త్రయోదశి. రాతి మీద ఉన్నది చతుర్దశి. లక్ష్మి మజ్జిగ తెచ్చి నా చేతిలో రాయి చూసింది. "ఇదా ఆ రోజు మావయ్య చేసింది!" అంది. "నీకెట్టా తెలుసు?" అన్నా. "పిల్ల పుట్టిన మూడో నాడు మావయ్య ఫోను మాట్లాడొచ్చి పాక తలుపేసుకున్నాడు. అన్నానికి రాలా, చుట్ట కూడా అడగలా. ఒకటే ఉలి చప్పుడు. మర్నాడు పొద్దున తలస్నానం చేసి, తడిబట్టల్తో నా మంచం దగ్గరకొచ్చి అద్దం పట్టుకుపోయాడు. గడ్డం గీసుకునేదానికేమో అనుకున్నా. తిరిగి తెచ్చిస్తూ ఉయ్యాల్లోకి వంగి చూశాడు, అప్పుడే ఇది కళ్ళు తెరిచింది. మావయ్య నేల మీద కూర్చుండిపోయాడు. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలా" అంది.

ఆ రోజు ఫోనులో నాయన నవ్వాడు నా మీద. రూలు ఉత్తదే అన్నాడు. నన్ను అన్నం తినమని పంపించి, తను తినకుండా కూర్చుని, కరగని రాయిలో నా బిడ్డని మళ్ళీ చెక్కి, అద్దం చూపించి, బతికున్నన్నాళ్ళూ గోడలో దాచి కాపలా కాశాడు. పాక పీకనీయనిది ఇందుకా!

అప్పుడు రమకి మొత్తం చెప్పేశా. అది రాయిని ఒళ్ళో పెట్టుకుని చానాసేపు చూసింది. "తాతకి కూడా భయమేసిందా నాన్నా?" అంది.

"నాకంటే ఎక్కువేసింది. నాకు చెప్పలా" అన్నా.

రాయిని గుడ్డలో చుట్టలా. నడవా గూట్లో, ఇంటి లోపలికి చూసేట్టు పెట్టాం. రమ కళ్ళు తుడుచుకుని, ఫోను తీసి, నా మొహంలోకి చూసింది. అడగటానికి జంకింది.

"తియ్యవే టికెట్లు," అన్నా. "ఓడ మీద కమ్మీల దగ్గర నిలబడ్డప్పుడు మాత్రం నా చెయ్యి వదలమాక."